బల్గేరియా ఇస్పోలిన్‌లు ముళ్ళపొదకి ఎందుకు భయపడ్డారు?

"బల్గేరియా జానపద కథల్లో రాక్షసులు ఉన్నారా? ఎంత ఎత్తు ఉండేవాళ్ళు? మన ఘటోత్కచుడి లాంటివాళ్ళేనా? పిల్లల కోసం ఆ కథలు తెలుగులో రాద్దామనుకుంటున్నాను" అని మీరు అడిగారు. నేను బల్గేరియాలోని ప్లొవ్‌దివ్‌లో ఆరేళ్ళు మెడిసిన్ చదివాను. ఈ కథలు పుస్తకాల్లో చదివింది తక్కువ, కొండ ఊళ్ళలో పెద్దవాళ్ళ నోట విన్నదే ఎక్కువ. అందుకే ముందు ఒక విన్నపం: వాళ్ళని రాక్షసులు అనకండి.

వాళ్ళ పేరు ఇస్పోలిన్. ఇప్పటికీ బల్గేరియన్‌లో ఏదైనా బ్రహ్మాండంగా ఉంటే "ఇస్పోలిన్‌స్కి" అంటారు. మనకి రాక్షసుడంటే యజ్ఞం పాడుచేసేవాడు, చివరికి ఏ దేవుడి చేతిలోనో చావాల్సినవాడు. ఇస్పోలిన్ కథ వేరు. దేవుడు మొదట మరుగుజ్జుల్ని చేశాడట. మరీ చిన్నవాళ్ళు, భూమిని ఏలుకోలేకపోయారు. తర్వాత ఇస్పోలిన్‌లని చేశాడు. ఒళ్ళు మరీ పెద్దదైపోయింది, వాళ్ళకీ ఇక్కడ బతుకు కుదరలేదు. మూడోసారి మనల్ని చేశాడు. అంటే మనకన్నా ముందు ఈ నేల మీద కాపురం ఉన్నవాళ్ళు. కొండల్లో, గుహల్లో ఉంటూ పచ్చి మాంసం తినేవాళ్ళు, డ్రాగన్లతో పోట్లాడేవాళ్ళు. ఒంటికన్ను అని ఒకచోట, ఒంటికాలు అని ఇంకోచోట, మూడు తలలని మరోచోట చెబుతారు. ఎత్తు మూడు మీటర్లంటారు. మన ఇళ్ళలో నిలబడితే తల శ్లాబుకి తగులుతుంది, అంతే. ఘటోత్కచుడితో పోలిస్తే చాలా చిన్నవాళ్ళు.

కానీ అసలు సంగతి ఎత్తు కాదు. వాళ్ళు దేనికి భయపడేవాళ్ళన్నదే అసలు సంగతి. డ్రాగన్‌తో తలపడేవాళ్ళు భయపడింది ఒక పొదకి. దాన్ని అక్కడ "కపినా" అంటారు, మనం బ్లాక్‌బెర్రీ అంటాం. దానికి బలులు కూడా ఇచ్చేవాళ్ళట. మొదటిసారి విన్నప్పుడు ఇదేం కథ అనిపించింది నాకు. తర్వాత అదే పొదలో నేను పడ్డాను.

రెండో ఏడు ఆగస్టు సెలవులు. నేను అద్దెకున్న ఇంటావిడ వాళ్ళ అమ్మది రొడోపీ కొండల్లో స్మోల్యాన్ వైపు ఒక చిన్న ఊరు. పండగకి పిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు నన్నూ తీసుకెళ్ళారు. ఆ పెద్దావిడని అందరిలాగే నేనూ "బాబా" అనే పిలిచేవాణ్ణి. అక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ ఇద్దరినీ బాబా అనే అంటారు. పొద్దున్నే నా చేతికి ఒక చిన్న డబ్బా ఇచ్చి, ఇంటి వెనక వాలులో కపినా పళ్ళు కోసుకురమ్మంది. నేను నిక్కరు, చెప్పులతో వెళ్ళాను. బయట వైపు పళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. బాగా నల్లబడినవి లోపల ఉన్నాయి. వాటి కోసం ఒక్క అడుగు లోపలికి వేశాను.

ఆ కొమ్మ ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. బ్లాక్‌బెర్రీ కొమ్మ పైకి లేచి విల్లులా వంగుతుంది. కొస నేలకి తగిలిన చోట మళ్ళీ వేరు పడుతుంది. అంటే కొమ్మకి రెండు చివరలా నేలలోనే పట్టు. గడ్డిలో అది కనబడదు. మన దగ్గర కుందేళ్ళకి పెట్టే ఉచ్చు ఎలా ఉంటుందో సరిగ్గా అలా ఉంటుంది. నా పాదం అందులో ఇరుక్కుంది, ఒళ్ళు మాత్రం ముందుకి వెళ్ళిపోయింది. వాలు కదా, మోకాలు రాయికి కొట్టుకుంది. డబ్బా దొర్లుకుంటూ కిందకి పోయింది. కంగారులో కాలు వెనక్కి లాగాను. ముళ్ళు పిల్లి గోళ్ళలా వెనక్కి వంగి ఉంటాయి, లాగేకొద్దీ లోపలికి దిగాయి. మడమ పైన రక్తం చారలు కట్టింది.

బాబా పరిగెత్తుకు రాలేదు. మెల్లగా నడిచి వచ్చి, నా మడమ పట్టుకుని, "పొలెకా, మోమ్చే" అంది. నెమ్మదిగా, బాబూ అని. లాగొద్దంది. పాదాన్ని ముందు లోపలికే నెట్టమంది. ముల్లు దానంతట అది వదిలాక పైకి ఎత్తమంది. అలా చేస్తే వచ్చేసింది. ఇంటికెళ్ళాక గాయం మీద రకియా పోసింది. రకియా అంటే వాళ్ళ ఇంటి సారా, ప్రాణం పోయినంత మంట. గుడ్డ కడుతూ చెప్పింది: "ఇస్పోలిన్‌లూ ఇలాగే పడ్డారు. నువ్వు చిన్నవాడివి కాబట్టి లేచావు."

ఆ మాట నాలుగేళ్ళ పాటు నా బుర్రలో ఉండిపోయింది, ఎందుకంటే అది వైద్యం తెలిసినవాళ్ళు చెప్పే మాట. 175 సెంటీమీటర్ల మనిషి బరువు 70 కిలోలనుకోండి. అదే ఒడ్డూ పొడవుతో మూడు మీటర్లకి పెంచితే బరువు 350 కిలోలు దాటుతుంది. ఎముక మందం చూసుకుంటే దాని బలం మాత్రం మూడు రెట్ల దగ్గరే ఆగిపోతుంది. అయిదు రెట్ల బరువు, మూడు రెట్ల బలం, పైగా ఎక్కువ ఎత్తు నుంచి పడటం. నాకు మోకాలు దోక్కుపోయిన చోట అతనికి తొడ ఎముక విరుగుతుంది. కొండ మీద ఒంటరిగా తొడ ఎముక విరిగితే ఇక లేవడం ఉండదు.

ఇది కేవలం లెక్క కాదు. రికార్డుల్లో ఉన్నవాళ్ళలో అందరికన్నా పొడుగైన మనిషి అమెరికాకి చెందిన రాబర్ట్ వాడ్లో, 272 సెంటీమీటర్లు. నడవడానికి కాళ్ళకి ఊతపట్టీలు కావలసి వచ్చేవి, పాదాల్లో స్పర్శ సరిగా ఉండేది కాదు. 1940లో ఆ పట్టీ ఒరుసుకుని చీలమండ దగ్గర బొబ్బ లేచింది, అది చీము పట్టి 22 ఏళ్ళకే చనిపోయాడు. ఇది చదివిన రోజు నాకు బాబా గుర్తొచ్చింది. అంత పెద్ద ఒంటికి చావు చీలమండ దగ్గర మొదలవుతుందని ఆ కొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళు ఎప్పుడో గమనించారని నా గట్టి నమ్మకం. చేతికర్ర పట్టుకుని రోజంతా ఆ వాలుల్లో తిరిగేవాళ్ళకి కాలు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియదా?

అక్కడి వీరగాథల్లో మిగతా బలవంతులూ ఇలాగే ఓడిపోతారు. క్రాలి మార్కో ఉన్నాడు. నిజంగా బతికిన మనిషి, ప్రిలెప్ రాజు, 1395లో రోవినె యుద్ధంలో చనిపోయాడు. జనం నోట మాత్రం సమోదివ అనే అడవి కన్య పాలు తాగి కొండంత బలం తెచ్చుకున్నవాడు. రాళ్ళ మీద గుంట కనబడితే మార్కో గుర్రం డెక్క అంటారు. అలాంటివాడు ఒకరోజు భూమికి పిడి ఉంటే ఎత్తేస్తానన్నాడట. దేవుడు ముసలివాడి వేషంలో వచ్చి దారిలో ఒక చిన్న సంచి పెట్టాడు. అందులో ఉన్నది భూమి బరువు. మార్కో దాన్ని ఎత్తబోయాడు, అక్కడితో ఆ బలం పోయింది. ఇక్కడా శత్రువు కత్తి లేదు, నేల మీద పడున్న చిన్న వస్తువు ఉంది.

ఎత్తు అడిగారు కాబట్టి మొమ్చిల్ సంగతీ చెబుతాను. ఇతనూ చరిత్రలో ఉన్నవాడే, రొడోపీ ప్రాంతపు నాయకుడు, 1345లో యుద్ధంలో చనిపోయాడు. బాల్కన్ గాథల్లో అతన్ని చంపిన రాజు అతని బట్టలు తొడుక్కుని చూస్తాడు. టోపీ భుజాల దాకా జారుతుంది, ఒక్క బూటులో రెండు కాళ్ళూ పడతాయి. మీటర్లు చెప్పడం కన్నా ఇది ఎంత బాగుందో చూడండి. పిల్లలకి ఇలా చెప్పండి.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "మహాకాయుల అస్థిపంజరాలు దొరికాయి" అనే ఫార్వర్డ్‌లు. మన ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే ఘటోత్కచుడి అస్థిపంజరం ఫొటో 2002లో ఒక ఫొటో ఎడిటింగ్ పోటీ కోసం తయారు చేసింది. అందులోని తవ్వకం న్యూయార్క్ రాష్ట్రంలో ఏనుగు జాతి ప్రాణి ఎముకల కోసం తవ్వినది. ఈ మాట చెబితే మా పెదనాన్న నాతో రెండు నెలలు మాట్లాడలేదు. 2015లో వార్నా నగరంలో పాత కోట గోడ కింద ఒక పొడుగాటి మనిషి అస్థిపంజరం దొరికితే, ప్రపంచమంతా "జెయింట్" అని హెడ్డింగులు పెట్టారు. పాపం ఆయన సుమారు 1,600 ఏళ్ళ కిందటి మామూలు మనిషి, కాస్త పొడుగు, అంతే. కథని కథగా ప్రేమించలేనివాళ్ళే దానికి ఎముకలు వెతుకుతారు.

బల్గేరియా మైదానాల్లో పెద్ద పెద్ద మట్టిదిబ్బలు ఉంటాయి. ఊళ్ళవాళ్ళు వాటిని ఇస్పోలిన్‌ల సమాధులనేవాళ్ళు. అవి పూర్వం ఆ నేల మీద ఉన్న థ్రేసియన్లనే జాతివాళ్ళ సమాధులు. 1944లో కజన్‌లక్ దగ్గర ఒక దిబ్బలో బయటపడిన సమాధి గోడల మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఉంది, ఒకరి చెయ్యి ఒకరు మెత్తగా పట్టుకుని ఉంటారు. మన తెలంగాణలోనూ పాత రాతి సమాధుల్ని రాక్షసి గుళ్ళు అంటారు కదా. ఎవరు కట్టారో మరిచిపోయినప్పుడు, కట్టినవాళ్ళు చాలా పెద్దవాళ్ళయి ఉంటారని అనుకోవడం ఎక్కడైనా ఒకటే.

మీరు తెలుగులో రాస్తున్నారు కాబట్టి ఒక్కటి అడుగుతాను. ఇస్పోలిన్‌ని మహాకాయుడు అనండి, లేదా ఇస్పోలిన్ అనే ఉంచండి. కపినాని మాత్రం నేరేడు అని రాయకండి. ఒక అనువాదంలో అలా చూసి చాలా బాధపడ్డాను. నేరేడు చెట్టుకి ముల్లే లేదు, దానికి ఎవరైనా ఎందుకు భయపడతారు? ముళ్ళపొద అంటే చాలు. కొమ్మ కొస వంగి మళ్ళీ నేలలో వేరు పట్టే సంగతి మాత్రం వదిలెయ్యకండి. ఇస్పోలిన్ కాలు ఇరుక్కున్నది అక్కడే.