పైఅధికారి మాట్లాడితే ఆడవాళ్లకు పదవులొస్తాయా?

తిరుపతిలో డిగ్రీ చదివే ఒకమ్మాయి అడిగింది: "కంపెనీ అధిపతి వేదికెక్కి ఆడవాళ్లు నాయకత్వంలోకి రావాలని చెబితే నిజంగా ఏమైనా మారుతుందా?"

మారుతుంది తల్లీ, ఆ మాట ప్రమోషన్ల దాకా, సెలవుల దాకా వెళ్తే. 2013లో స్టేట్ బ్యాంకుకు తొలి మహిళా ఛైర్‌పర్సన్ అయిన అరుంధతీ భట్టాచార్యనే చూడు. పిల్లల్నో ఇంట్లో పెద్దల్నో చూసుకోవాల్సిన ఉద్యోగినులకు రెండేళ్ల సెలవు తెచ్చారు. ఉద్యోగం వదిలేయాల్సిన చోట వదలకుండా నిలబడే దారి అది. నా లెక్కలో వంద ఉపన్యాసాల పెట్టు.

చట్టమూ తోడుంది. షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్లో ఒక మహిళా డైరెక్టరైనా ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు స్వతంత్ర మహిళా డైరెక్టర్, అంటే యాజమాన్యంతో సంబంధం లేని మహిళ, ఉండాల్సిందేనని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అంది.

కానీ అసలు చిక్కు బోర్డులో కాదు, మధ్య మెట్ల దగ్గర. మన తిరుపతి జిల్లా పారిశ్రామిక వాడ శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైన్ల మీద ఆడపిల్లలే ఎక్కువ. వాళ్లలో ఎంతమంది మేనేజర్ దాకా ఎక్కుతారన్నదే ప్రశ్న. మా చెల్లెలు ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్లు చేసింది. సూపర్‌వైజర్ ఖాళీ వచ్చినప్పుడు "నైట్ షిఫ్ట్ నీకు కష్టం కదమ్మా" అని పైవాళ్లే తేల్చేశారు. చేస్తావా అని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి తెచ్చింది.

అందుకే ఇంటర్వ్యూకి వెళ్తే నువ్వూ రెండు అడుగు: ఇక్కడ ఆడ మేనేజర్లు ఎంతమంది? రాత్రి షిఫ్టు బండి ఇంటి గుమ్మం దాకా వస్తుందా?