కాలువ కట్ట తెగి పొలంలో ఇసుక మేట వేస్తే దావాకు గడువెంత?

ప్రశ్న: మాది ఎన్టీఆర్ జిల్లా. 2024 వరదల్లో బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ కట్టకు గండి పడి మా నాలుగెకరాల వరి పోయింది. అందులో రెండెకరాల్లో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. అప్పు చేసి ఒక ఎకరంలో ఇసుక తీయించాను. పక్క రైతుకు ప్రభుత్వ సాయం అందింది, నాకు అందలేదు. ఏడాదికి పైగా కలెక్టరేట్‌లో అర్జీలు ఇస్తూనే ఉన్నాను. కట్ట బలహీనంగా ఉందని వరదకు ముందే ఏఈకి (నీటివనరుల శాఖ అసిస్టెంట్ ఇంజినీరుకు) ఫిర్యాదు చేసినట్టు పాత తేదీతో ఒక కాగితం తయారు చేసుకుంటే కేసు గట్టిపడుతుందని మా ఊరి దస్తావేజు లేఖరి చెబుతున్నారు. నీటివనరుల శాఖపై నష్టపరిహారానికి దావా వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే మీరు పంపిన మూడు పేజీల ఉత్తరంలో సగం పక్క రైతు సంగతే ఉంది. గండి ఏ తేదీన, ఏ వేళకు పడిందో, నీరు మీ పొలంలోకి ఎప్పుడు చేరిందో ఒక్క ముక్క లేదు. మీ దావా నిలవడమైనా, కొట్టుబడిపోవడమైనా ఆ తేదీ మీదే ఆధారపడి ఉంది. ప్రభుత్వం ఇచ్చే పంట సాయం ఉపశమనమే తప్ప నష్టపరిహారం కాదు. అర్హత ఉండీ అది రాకపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు గానీ, ఆ ఫిర్యాదును ఈ దావాతో కలపకండి.

అర్జీలు ఇస్తున్నంత కాలం గడువు ఆగుతుందని మీరు అనుకుంటున్నట్టుంది. ఆగదు. మీ దగ్గరున్న రసీదులన్నీ కలిపినా కాలపరిమితి ఒక్క రోజు కూడా పెరగదు. దావా ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు, ఎందుకంటే కాలపరిమితి చట్టం, 1963లోని 5వ సెక్షన్ దావాలకు వర్తించదు. ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, గడువు దాటిన దావాను 3వ సెక్షన్ కింద కోర్టు తనంతట తానే కొట్టివేయాలి. ఇక మీ విషయంలో ఆ గడువు ఎంతన్నదే అసలు చిక్కు. ఏదైనా చట్టాన్ని అనుసరించి చేసిన పనికి, లేదా చేయకుండా వదిలేసిన పనికి పరిహారం అడిగితే అదే కాలపరిమితి చట్టం షెడ్యూలులోని 72వ ఆర్టికల్ కింద ఏడాదే గడువు, అది మీకు దాటిపోయింది. కట్ట సంరక్షణలో నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని అడిగితే 113వ ఆర్టికల్ కింద మూడేళ్లు ఉంటుంది. ప్రభుత్వ న్యాయవాది మొదటిదే పట్టుకుంటారు. అందుకే దావాకు ముందు ప్రభుత్వానికి పంపాల్సిన నోటీసుకు మీరు జతచేసిన ముసాయిదాలో "ఫలానా చట్టం కింద మీ విధిని నిర్వర్తించలేదు" అని నాలుగుచోట్ల రాసి ఉండటం చూసి ఆందోళన కలిగింది. ఆ వాక్యాలు మిమ్మల్ని మీరే ఏడాది గడువులోకి నెట్టుకోవడమే అవుతాయి. వాటిని తీసేసి, కట్టను సరిగా కాపాడకపోవడం వల్ల అది తెగి నా పొలం పాడైందని మాత్రమే రాయించండి.

ఇందుకు మీకు మంచి ఆధారం ఉంది. పంజాబ్ ప్రభుత్వానికీ మోడర్న్ కల్టివేటర్స్‌కూ మధ్య నడిచిన కేసులో 1964లో సుప్రీంకోర్టు ముందున్నది సరిగ్గా ఇలాంటి వివాదమే: కాలువ కట్టకు గండి పడి, పక్క పొలం మునిగింది. పాత చట్టంలో ఇప్పటి 72వ ఆర్టికల్‌కు సమానమైన నిబంధన అక్కడ వర్తించదని కోర్టు తేల్చింది. సరిగా సంరక్షించిన కట్ట మామూలుగా తెగదు కాబట్టి, తెగడమే నిర్లక్ష్యాన్ని సూచిస్తుందని చెప్పింది. తన దగ్గరున్న రికార్డులను ప్రభుత్వం కోర్టు ముందు పెట్టకపోవడాన్ని కూడా దానికి వ్యతిరేకంగానే తీసుకుంది.

అయితే ఆ తీర్పు ఒక్కటే మిమ్మల్ని గట్టెక్కించదు. మీది వరద రోజుల్లో పడిన గండి. ఆ వరదల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిందని, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాల్సిన ఈ కాలువ నీరు నది నిండుగా ఉండటంతో వెనక్కి ఎగదన్నిందని, అది మానవ ప్రయత్నానికి అందని విపత్తని శాఖ వాదిస్తుంది. దానికి మీ జవాబు ఒకే ప్రశ్నలో ఉంది: నీరు కట్ట మీదుగా పొర్లి కట్ట కోసుకుపోయిందా, లేక నీరు కట్ట పైఅంచుకు చేరకముందే ఊటతోనో, జారుడుతోనో కట్ట తెగిందా? రెండోది రుజువైతే కేసు మీది. ఈ సంగతి చెప్పగలిగేది వెలగలేరు రెగ్యులేటరు వద్ద నీటిమట్టం రాసే గేజ్ రిజిస్టరు, గండిపై ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పంపిన నివేదిక, అంతకు ముందు కొన్నేళ్లలో కట్ట మరమ్మతులకు వేసిన అంచనాలు, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులు. వీటి నకళ్లకు సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి, ఆ అప్పీలు కాగితం కూడా తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది. గండి పడటానికి ముందు ఆ చోట ఊట చూసినవారో, ఇసుక బస్తాలు వేసినవారో, కట్ట మీద తిరిగే లస్కరో (కాలువ కాపలాదారో) మీ ఊళ్లో ఉంటే, వారి మాట ఇంజినీరు నివేదికంత బలమైనది.

ఇక ఆ దస్తావేజు లేఖరి సలహా. పాత తేదీతో కాగితం పుట్టించాలన్న ఆలోచనను ఇక్కడితో మానుకోండి. ఏఈ కార్యాలయంలో వచ్చిన ప్రతి తపాలూ ఇన్‌వర్డ్ రిజిస్టరులో వరుస నంబరుతో నమోదవుతుంది. మీ అర్జీ ఆ వరుసలో ఎక్కడా ఇమడదు. కోర్టులో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. అంతకన్నా ముందే, ఆ ఒక్క కాగితం మీ ఇసుక కొలతలనూ, మీ సాక్షుల మాటనూ నమ్మలేని స్థితికి తెస్తుంది. ముందుగా ఫిర్యాదు చేసి ఉండాల్సిన అవసరం మీ కేసుకు లేనే లేదు.

మీ అజాగ్రత్త గురించీ చెప్పక తప్పదు. ఎకరంలో ఇసుకను కొలతలు తీయించకుండా తీసేశారు. వరద వీడియోలు తీసిన ఫోనును మీ అబ్బాయి ఎక్స్చేంజిలో ఇచ్చేశాడు. మిగిలినవి వాట్సాప్‌లో తిరిగిన నకళ్లు. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం వాటికి ఎవరివ్వాలి? అదే రోజుల్లో ఇరుగుపొరుగు తీసిన వీడియోలు వారి ఫోన్లలోనే ఉంటే, ధ్రువపత్రం వారి చేతనే ఇప్పించండి. మిగిలిన ఎకరంలో ఇసుకను ముట్టుకోకముందే మండల సర్వేయరు చేత లోతు, విస్తీర్ణం కొలిపించండి. దావా వేసిన వెంటనే పొలాన్ని చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వొకేట్ కమిషనరును నియమించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు, 9వ రూలు కింద అడగండి. జేసీబీ కూలి బిల్లు, అప్పు పత్రం, ఈ-పంట నమోదు, అడంగల్ ఒకచోట పెట్టండి.

దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు తప్పనిసరి. దాన్ని జిల్లా కలెక్టరుకు గానీ, ప్రభుత్వ కార్యదర్శికి గానీ అందేలా పంపాలి. ఏఈకో, ఈఈకో పంపి ఊరుకుంటే చెల్లదు. ఆ రెండు నెలలను గడువు లెక్కలోంచి మినహాయిస్తారు గానీ, దాన్ని నమ్ముకుని ఆఖరి దాకా ఆగకండి. గండి తేదీపై వివాదం ఉంటుంది కాబట్టి, 2027 ఆగస్టు రాకముందే దావా దాఖలు కావాలి. వరద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ఇస్తోంది. కోర్టు ఫీజు భారం గురించి వెనకాడకుండా, నోటీసు ముసాయిదాతో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి.