‘మహిళా సాహిత్యం’ అర అవసరమా?

ప్రశ్న: చెన్నైలో మా అపార్ట్‌మెంట్‌లో 400 తెలుగు పుస్తకాలతో చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. రచయిత్రుల పుస్తకాలు 80 ఉంటే, వాటికి ‘మహిళా సాహిత్యం’ అని విడిగా ఓ అర కేటాయించాం. మగవాళ్లు అటువైపే రారు. వాళ్లకి నచ్చవు, కొనడం తగ్గిద్దాం అంటోంది కమిటీ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నచ్చడం, నచ్చకపోవడం చదివాక తేలే సంగతి. మీ దగ్గర అర మీది చీటీయే ముందుగా తీర్పు చెప్పేస్తోంది. మిగతా అరలకి ‘పురుష సాహిత్యం’ అని రాయలేదు కదా!

ఆ చీటీ పీకేసే ముందు లెక్క తీయండి. ఇష్యూ రిజిస్టరులోంచి ఏ పుస్తకం ఎన్నిసార్లు వెళ్లింది, తీసుకున్నది ఆడవాళ్లా మగవాళ్లా రాసుకోండి. మొత్తాలు పోల్చొద్దు, 80 ఎప్పుడూ 320 ముందు ఓడిపోతుంది. పుస్తకానికి సగటు చూడండి. 80 పుస్తకాలు 160 సార్లు వెళితే సగటు 2. తక్కినవి 480 సార్లు వెళ్లినా 1.5 మాత్రమే. వంటలు, ముగ్గుల పుస్తకాలను కథలు, నవలలతో కలిపితే రచయిత్రుల అంకె ఉత్తినే ఉబ్బుతుంది. సంకలనాలకి సంపాదకుడి పేరు కాకుండా విషయసూచిక చూడాలి. పేరు చూసి ఆడా మగా తేల్చేయకండి: బీనాదేవి భార్యాభర్తలిద్దరి కలంపేరు. రచయిత్రుల నవలలకి గిరాకీ ఉన్న రోజుల్లో ఆడపేర్లతో రాసిన మగవాళ్లూ ఉన్నారు, అప్పుడు మొహమాటం అడ్డురాలేదు మరి.

తర్వాత చీటీ తీసేసి, అన్నిటినీ నవల, కథ, కవిత్వం, ఆత్మకథ అని విడదీసి, ఇంటిపేరు అక్షరక్రమంలో కలిపి సర్దండి. మూడు నెలలయ్యాక, నిరుటి అవే మూడు నెలలతో పోల్చండి. వేసవి సెలవుల్ని మామూలు రోజులతో పోలిస్తే లెక్క తప్పుతుంది. మధ్యలో కొన్న పుస్తకాలు ఇందులోకి రాకూడదు, కొత్తదంటే ఎవరైనా తీస్తారు.

ఇక కమిటీకి మీ ఊరి సంగతే చెప్పండి. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ కావ్యాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సరిచూసి పరిష్కరిస్తే, మద్రాసు వావిళ్లవారు 1910లో అచ్చువేశారు. అశ్లీలమని బ్రిటిష్ సర్కారు నిషేధించింది, 1947లో గానీ అది తొలగలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని నాగరత్నమ్మ తన పీఠికలోనే అడిగింది. ఆ పుస్తకం మీ దగ్గరుంటే కావ్యాల వరసలో పెట్టండి.