పీకినా మళ్ళీ వచ్చే గంగవాయిలి కూర

పీకిన మొక్కల్ని మడిలోనే వదిలేయడం వల్ల అయ్యుంటుందండీ. "వారం వారం పీకుతున్నా టమాటా మడిలో గంగవాయిలి తగ్గట్లేదు" అన్నారు కదా, దాని కాడల నిండా నీరే. ఎండలో పడేసినా తొందరగా చావదు, తడి తగిలితే కాడ ముక్కకి కూడా వేర్లొస్తాయి. పూత మీదున్నదైతే పీకాక కూడా గింజ ముదిరి రాలుతుంది.

1. పసుపు పూలు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగండి. పారతో నరకొద్దు.
2. అప్పటికప్పుడు బకెట్లో వేసి మడి బయటికి తీసేయండి. చాలామంది వదిలేసేది ఈ పనే.
3. ఖాళీ నేల మీద ఎండుటాకులు 3 అంగుళాల మందాన పరవండి.

లేత కొమ్మలు పారేయకండి, పప్పులో వేస్తే పుల్లగా చాలా బాగుంటుంది. తుంచితే తెల్లటి పాలు కారేది మాత్రం గంగవాయిలి కాదు, అది తినొద్దు. మందు కొట్టిన చోట మొలిచింది కూడా వద్దు.