వాడు ఎందుకు కొడుతున్నాడు?

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్లు. తీవ్రమైన ఆటిజం. మాటలు రావు. స్నానం, బట్టలు, బాత్రూమ్ అన్నీ నేనే చూసుకోవాలి. ఇన్నేళ్లలో ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. అలాంటిది రెండు నెలలుగా తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. ఆపబోతే నన్ను కొరుకుతున్నాడు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. ఆయన పొద్దున్నే పనికి వెళ్లాలి కాబట్టి నేనే మేలుకొని ఉంటాను. అందరూ 'వయసు ప్రభావం, మందు డోసు పెంచమను' అంటున్నారు. మా అమ్మాయికి 12 ఏళ్లు, గదికి గడియ పెట్టుకుని చదువుకుంటోంది. మొన్న 'మీ తర్వాత అన్నయ్యని నేనే చూసుకోవాలా?' అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'రెండు నెలలుగా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. పదహారేళ్లుగా లేనిది రెండు నెలల్లో మొదలైందంటే, వయసు అని సరిపెట్టుకునే ముందు ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడాలి.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. మా వాడికి ఇప్పుడు 26. వాడికీ మాటలు రావు. పదిహేడో ఏట కుడి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. చెంప కమిలి నల్లబడింది. కోపం అనుకున్నాం, డోసు పెంచారు. మగతగా పడి ఉండేవాడు, లేవగానే మళ్లీ కొట్టుకునేవాడు. ఒకరోజు పళ్లు తోముతుంటే బ్రష్ ఎడమవైపు తిరిగినంతసేపు ఊరుకుని, కుడివైపు వెనక్కి వెళ్లగానే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆవలించినప్పుడు టార్చ్ వేసి చూశాను. చివరి దవడ పన్ను పుచ్చిపోయి చిగురు వాచి ఉంది. మత్తిచ్చి పన్ను తీసేశారు. పదిరోజుల్లో కొట్టుకోవడం ఆగింది. అన్ని వారాలు వాడు చెంప చూపించి మరీ చెబుతుంటే నాకు అర్థం కాలేదన్న బాధ నాకింకా పోలేదు.

కాబట్టి ఈ వారమే పళ్లు, చెవులు చూపించండి. మలబద్ధకం ఉందేమో అడగండి, ఆటిజం ఉన్నవాళ్లలో అది చాలా ఎక్కువ. పడుకోగానే కడుపులో పుల్లటి నీళ్లు పైకి తన్నుతున్నా అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. ఇంకోటి, ఫిట్స్. ఆటిజం ఉన్న కొందరిలో అవి యుక్తవయసులోనే మొదలవుతాయి. ప్రతిసారీ కిందపడి కొట్టుకోనక్కర్లేదు. ఒక్కసారిగా చూపు నిలిచిపోవడం, పెదాలు చప్పరించడం, ఎప్పుడూ లేనిది పక్క తడపడం కూడా కావచ్చు. అలా కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. డాక్టర్ 'ఆటిజంలో ఇవన్నీ మామూలే' అంటే, 'మాటలొచ్చిన పిల్లాడు నొప్పి అని ఏడిస్తే మీరు ఏమేం చూస్తారో, అవన్నీ మా వాడికీ చూడండి' అని అడగండి. మొహమాటపడకండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎన్ని గంటలకి మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. దాంతోపాటు ఎంతసేపు నిద్రపోయాడు, విరేచనం అయిందా లేదా. రెండు వారాలు రాస్తే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆ నాలుగు పేజీలు మీ తరఫున మాట్లాడతాయి.

మందులకి నేను వ్యతిరేకం కాదు. మా వాడూ వాడుతున్నాడు. రిస్పెరిడోన్‌కి 2006లో, అరిపిప్రజోల్‌కి 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది, ఆటిజం ఉన్న పిల్లల్లో చిరాకు, దూకుడు తగ్గించడానికి. పంటి నొప్పి వాటితో తగ్గదు. ఆ మందులతో బరువు పెరగొచ్చు, షుగర్ కూడా చూపిస్తుండాలి. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి.

కొట్టుకునేటప్పుడు చేతులు పట్టుకోకండి, పెనుగులాట పెరుగుతుంది. గోడకీ తలకీ మధ్య దిండు పెట్టండి. వాడికి ఎదురుగా కాకుండా కాస్త పక్కన నిలబడి, ఒకటి రెండు మాటలకి మించి మాట్లాడకండి. కొరికితే చెయ్యి వెనక్కి లాగొద్దు, చర్మం చీలుతుంది. నోటివైపే మెల్లగా నొక్కితే పట్టు వదులుతుంది. తలకి దెబ్బ తగిలాక వాంతి అయినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మాట రాకపోయినా చెప్పుకోవడం నేర్పొచ్చు. బొమ్మ కార్డు చేతికిచ్చి కావలసింది అడిగే పెక్స్ పద్ధతి 1985 నుంచీ ఉంది. పదహారేళ్లకి ఆలస్యమైపోలేదు. మా వాడు 'చాలు' అన్న కార్డు ఇవ్వడం 19వ ఏట నేర్చుకున్నాడు. దానికి ముందు చాలు అని చెప్పడానికి కంచం విసిరేసేవాడు.

ఇక రాత్రిళ్లు. ఇది ఒక్క మనిషి చేసే పని కాదమ్మా. ఎప్పుడూ ఎవరో ఒక పెద్దవాళ్లు పక్కనుండాల్సిన ఇలాంటి వాళ్ల అవసరాలు మరుగున పడకూడదనే 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 'ప్రొఫౌండ్ ఆటిజం' అనే మాట తెచ్చింది. మీ ఆయనకి ఈ సంగతి చెప్పండి. వారంలో రెండు రాత్రులు ఆయన మేలుకోవాలి, ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో పడుకోవాలి. సాయం చేయమని అడగొద్దు, ఏ రాత్రులు ఆయనవో కూర్చుని తేల్చుకోండి. నేను ఏళ్ల తరబడి అడగకుండా ఉండి ఆరోగ్యం పాడుచేసుకున్నాను.

మీ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు 'లేదు'. 'అన్నయ్యని చూసుకునే ఏర్పాటు మేం చేస్తాం, పెద్దయ్యాక నీకు ఎంత చేయాలనిపిస్తే అంతే చెయ్యి' అనండి. ఊరికే అని ఊరుకోకుండా ఆ పని మొదలుపెట్టండి. వాడి మందులు, వాడు దేనికి భయపడతాడు, ఏం చేస్తే శాంతిస్తాడు, అన్నీ రాసిపెట్టండి. మీ తర్వాత సంరక్షకులు ఎవరో ఇప్పుడే ఆలోచించండి. మా అమ్మాయి ఇరవై ఏళ్లప్పుడు నాతో, 'నా స్కూల్ ఫంక్షన్లలో నువ్వు ఎప్పుడూ తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేదానివి, ఫోన్ రాగానే వెళ్లిపోవడానికి' అంది. తను స్టేజి మీద నుంచి ఆ కుర్చీ చూస్తూ ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ గడియ తీయమని పాపని అడగకండి. తనకి ఆ గది కావాలి. ఆయన వాడితో ఉన్న సాయంత్రం మీరు ఆ తలుపు తట్టి లోపలికెళ్లి కూర్చోండి. పళ్ల డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.