నాలుగేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, విశాఖ ఉక్కపోత: ఇంట్లో ఏం చేయించొచ్చు?

మీరు అడిగింది ఇదీ: పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఆరేళ్ళు, ఎంవీపీ కాలనీలో ఫ్లాటు, బయట ఎండో వానో. ఫోను చేతికివ్వకుండా ఇద్దరికీ పొద్దుపోవాలి, నాలుగు విషయాలూ తెలియాలి. పిల్లలు బొమ్మలు చేసుకోడానికని నెట్‌లో చూసి కలిపిన ఉప్పు-మైదా ముద్ద రెండో రోజుకే బంకగా అయిపోయిందని కూడా రాశారు. ముందు ఆ ముద్ద సంగతి తేల్చేద్దాం.

తప్పు మీ చేతిది కాదండీ, మన గాలిది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దాన్ని లాక్కుని నీరూరుతుంది. వానాకాలంలో ఉప్పుడబ్బా అడుగు చెమ్మగిల్లేది అందుకే. సముద్రం పక్కన మనకి చాలా ఉదయాలు ఆ గీతకి పైనే ఉంటాయి. రెండు కప్పుల మైదాకి కప్పు ఉప్పు వేసి, పచ్చిగా కలిపి ఆరబెట్టమనే కొలత పొడి ఊళ్ళకి సరిపోతుంది. ఇక్కడ ఉడికించిన ముద్దే నిలుస్తుంది.

మైదా 1 కప్పు, నీళ్ళు 1 కప్పు, మెత్తటి ఉప్పు పావు కప్పు, నూనె 1 పెద్ద చెంచా, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు. కల్లుప్పే ఉంటే ముందు వేడినీళ్ళలో పూర్తిగా కరగనిచ్చి చల్లార్చాలి, లేదంటే ముద్దలో ఇసుకలా తగులుతుంది. అన్నీ చల్లగా ఉండగానే మందపాటి మూకుడులో ఉండ కట్టకుండా కలిపి, ఆ తర్వాతే సన్నమంట మీద పెట్టండి. నాలుగైదు నిమిషాల్లో అంతా ఒక దగ్గరికొచ్చి మూకుడుని వదిలేస్తుంది. మధ్యలో ముట్టుకుంటే వేలికి అంటుతుంది, అక్కడే దింపేయకండి. బంకగా ఉండే ముద్దల్లో సగం ఇలా తొందరపడి దింపినవే. ఎక్కువసేపు ఉంచితే మాత్రం పగుళ్ళొస్తాయి, అప్పుడు తడిచేత్తో పిసికితే సర్దుకుంటుంది. గోరువెచ్చగా అయ్యేదాకా పెద్దవాళ్ళే పిసకాలి. రంగుకి పసుపో బీట్‌రూట్ రసమో చాలు. ఉప్పు తగ్గించాం కనక బయట పెడితే బూజు పడుతుంది: మూత గట్టి డబ్బాలో, ఫ్రిజ్‌లో, వారం. వాసన మారితే పారేయండి. ఉప్పు తగ్గించినా పిల్లలు మింగదగ్గది కాదు, పాప నోట్లో పెట్టుకోకుండా చూడండి.

ఈ ముద్దతో ఇద్దరికీ ఒకే పని చెప్పకండి. పనికొకటే సరుకు, పిల్లకొక వాటా అన్నట్టుండాలి. పాపకి పాములు చేయడం, వాటిని పొట్టి నించి పొడుగుకి వరసగా పేర్చడం. బాబుకి ఒక పాముని సగం చేసి, ఆ రెండు సగాల్నీ మళ్ళీ సగం చేసి, ‘ఎన్ని ముక్కలయ్యాయి, నాలుగూ సమానంగా ఉన్నాయా’ అని చూసుకోవడం. పెద్దాడి పని చిన్నదానికి చెప్తే అది ఏడుస్తుంది, చిన్నదాని పని పెద్దాడికి చెప్తే వాడు దాన్ని ఏడిపిస్తాడు.

అదే పాముల్ని వంచితే అక్షరాలు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో అ, ఆ లతో మొదలుపెడతారు. చేతికి ఆ రెండూ కష్టమైనవి. మన లిపి గుండ్రనిది. ముందు సున్నా, తర్వాత తలకట్టు లేకుండా ‘ర’ గుండ్రం, ‘ఠ’, ‘ట’, ‘గ’. వారం తిరిగాక ‘అ’ దానంతటదే లొంగుతుంది. పలక బదులు అంచున్న స్టీలు పళ్ళెంలో అర కప్పు బొంబాయి రవ్వ పోసి వేలితో రాయించండి, తప్పయితే పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది. కొందరు ఇందుకు ఉప్పు పోయమంటారు. మన ఊళ్ళో సాయంత్రానికి గడ్డకడుతుంది, పైగా వేలి మీద గీత ఉంటే మంట. రవ్వ పొర చిన్నవేలి గోరు మందం దాటకూడదు, ఎక్కువైతే గీత పూడిపోతుంది. ముగ్గు కూడా ఈ కోవలోదే: మూడు చుక్కలు మూడు వరసలు, చుక్కలు బాబు పెట్టాలి, పాప కలపాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి జారనివ్వడం వస్తే పెన్సిలు పట్టు సగం వచ్చినట్టే.

ఇక పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపు, సున్నం తప్ప వేరే రంగేమీ ఉండదు కదా. పసుపు పుల్లటి వాటిలో పచ్చగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. బట్టల సబ్బు బిళ్ళ అరిగించిన నీళ్ళు చాలు. ఒక చెంచా పసుపుని రెండు చెంచాల నీళ్ళలో కలిపి డ్రాయింగు కాగితం మీద దూదితో పల్చగా పూయండి. ఫ్యాను కింద ముప్పావు గంట ఆరాలి. తడిగా ఉండగా మొదలెడితే రంగు పాకిపోయి బొమ్మ నిలవదు. ఇప్పుడు అగ్గిపుల్లకి దూది చుట్టి (మందు ఉన్న కొన విరిచేసి) సబ్బునీళ్ళలో ముంచి రాస్తే ఇటుక ఎరుపు గీత పడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పచ్చన. వంటసోడా నీళ్ళు కూడా పనిచేస్తాయిగానీ క్షారం తక్కువ కాబట్టి రంగు లేతగా, నారింజలా ఆగిపోతుంది. పాపకి రాయడం, చెరపడం. బాబుకి పట్టిక: చింతపండు రసం, పెరుగు, షాంపూ, కుళాయి నీళ్ళు, అంట్లు తోమే సబ్బు ఒక్కోటీ చుక్క వేసి, ఏది మార్చింది, ఏది మార్చలేదో తనే రాసుకోవాలి. వేసేముందు ‘ఏమవుతుందనుకుంటున్నావ్’ అని అడగడం మర్చిపోకండి, అసలు ఆట అక్కడుంది.

బట్టల మీద పడితే సబ్బు పెట్టగానే మరక ఎర్రబడి భయపెడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలిసిపోతుంది. గోడల మీద కంచెల మీద పాకే నీలం శంఖుపూలు దొరికితే ఎనిమిదో పదో తెచ్చి గ్లాసుడు వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచండి. నీలం నీళ్ళకి నిమ్మ తగిలితే ఊదా, ఇంకా వేస్తే గులాబీ. వంటసోడా తగిలితే ఆకుపచ్చదనం తిరుగుతుంది.

సబ్‌మెరైన్ ఆట మన ఊరి పిల్లలకి తప్పకుండా ఆడించాల్సింది. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది. దాన్ని చూసిన పిల్లలకి వచ్చే సందేహం ఒక్కటే: అంత ఇనుము ఎలా మునుగుతుంది, మునిగింది మళ్ళీ ఎలా తేలుతుంది? లీటరు కూల్‌డ్రింకు ఖాళీ సీసా, మందుసీసాతో వచ్చే గాజు డ్రాపరు ఒకటి కావాలి. ముందు డ్రాపర్‌ని గ్లాసు నీళ్ళలో పెట్టి సరిచూడాలి: కొంచెం నీళ్ళు పీల్చి వదిలితే రబ్బరు బుడిపె కొస మాత్రమే నీటి పైకి కనపడేలా నిలబడాలి. పీల్చడం, ఓ చుక్క వదలడం, మళ్ళీ చూడడం, ఇదంతా బాబు వాటా. పది నిమిషాలు పట్టినా మీరు చెయ్యి పెట్టకండి. తర్వాత సీసా మూతిదాకా నీళ్ళు పోసి, డ్రాపర్‌ని దించి, మూత బిగించాలి. పాప రెండు చేతులతో సీసా నొక్కితే మునుగుతుంది, వదిలితే తేలుతుంది.

పనిచేయకపోతే మూడే కారణాలు. సీసా పైన ఖాళీ మిగిలింది: నొక్కినప్పుడు ఆ గాలీ కుదించుకుపోతుంది, ఎంత నొక్కినా చాలదు. డ్రాపర్‌లో గాలి ఎక్కువుంది: మునగదు. తక్కువుంది: అడుగుకి పోయి మళ్ళీ రాదు. గాజుది దొరక్కపోతే పెన్ను మూత వాడొచ్చు, కాకపోతే చాలా మూతలకి కొసన బెజ్జం ఉంటుంది, దాన్ని షాపులో దొరికే మైనపు క్లేతో పూడ్చి, అంచుకి ఇంకాస్త క్లే బరువుగా అంటించాలి. మనం వండిన మైదా ముద్ద నీళ్ళలో కరిగిపోతుంది, దీనికి పనికిరాదు. బాబుకి ఇలా చెప్పండి: నొక్కినప్పుడు లోపలి గాలి ఇరుకై నీళ్ళు ఎక్కుతాయి, బరువు పెరుగుతుంది. అసలు సబ్‌మెరైన్‌లో గాలిని నొక్కరు, ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్ళు వదిలితే మునుగుతుంది, గట్టిగా కుదించి దాచిన గాలితో ఆ నీళ్ళని తోసేస్తే తేలుతుంది. ఈ తేడా దాచకండి, ఆరేళ్ళవాడికి అర్థమవుతుంది. కురుసుర పొడవు సుమారు 91 మీటర్లు. ఒక మీటరు పురికొస కోసి ఇస్తే మీ హాలు ఎన్ని పురికొసలో, ఎన్ని హాళ్ళు కలిస్తే కురుసుర అవుతుందో వాడే తేలుస్తాడు.

దీని తర్వాత గుడ్డు. గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్ళు, తాజా కోడిగుడ్డు. మునిగిపోతుంది. గుడ్డు తీసి ఒక చెంచా ఉప్పు కలిపి మళ్ళీ వేయండి, మళ్ళీ మునుగుతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే గ్లాసుకి చెంచా కంటే కాస్త ఎక్కువ. మన బంగాళాఖాతంలో నదులు కలుస్తాయి కాబట్టి ఇంకొంచెం తక్కువే. అంటే తాజా గుడ్డు బీచ్‌లో వేసినా మునుగుతుందన్నమాట! ‘సముద్రంలో అన్నీ తేలతాయి’ అని పందెం కాసే పెద్దవాళ్ళు కూడా ఇక్కడ ఓడిపోతారు. నాలుగైదు చెంచాలు పూర్తిగా కరిగాక తేలుతుంది. అప్పటికీ తేలకపోతే ఉప్పు అడుగున కరగకుండా ఉందేమో చూడండి. మొదటి గ్లాసులోనే తేలిపోయిందా, ఆ గుడ్డు పాతది, అట్టుకి వాడకండి. గుడ్డు ముట్టని ఇల్లయితే బంగాళాదుంప ముక్కతో చేయొచ్చు. పచ్చిగుడ్డు పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించాలి.

బీచ్‌కి వెళ్ళినప్పుడు గుప్పెడు ఇసుక తెచ్చుకోండి. (ఎర్రమట్టి దిబ్బల నించి మాత్రం చిటికెడు కూడా తేకండి, అవి కాపాడుకోవాల్సినవి.) పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ ఇసుకలో తిప్పితే నల్లరేణువులు మీసంలా అంటుకుంటాయి. కవర్ని తిరగేస్తే పళ్ళెంలో రాలతాయి. కవరు లేకుండా పెడితే ఆ అయస్కాంతాన్ని ఇక శుభ్రం చేయలేరు. ఇసుక ఎండలో బాగా ఆరాలి, చెమ్మ ఉంటే తెల్లరేణువులు కూడా కలిసి వచ్చేస్తాయి. భీమిలి వైపు ఇసుకలో ఎర్రటి గార్నెట్ రేణువులు కూడా ఉంటాయి, అవి ఈ అయస్కాంతానికి రావు, భూతద్దంతో ఏరించండి. అయస్కాంతం అరచేతిలో పట్టేంత పెద్దది ఒకటే వాడండి. చిన్న గుండీల్లాంటి బలమైనవి పిల్లల చేతికి అసలు వద్దు, రెండు మింగితే పేగుల్ని మధ్యలో పట్టి నొక్కేస్తాయి.

లెక్కలకి వామనగుంటలకి మించింది లేదు. పాతకాలపు పీటలో ఏడేసి గుంటలు రెండు వరసలు. నాలుగేళ్ళ పాపకి అది ఎక్కువ. గుడ్ల అట్టట్రేలోంచి అయిదేసి గుంటల రెండు వరసలు కత్తిరించి, గుంటకి మూడేసి చింతపిక్కలు, మొత్తం 30. ఒక గుంట ఖాళీ చేసి పక్కవాటిలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. పాప ఒకే గుంటలో రెండు వేసేస్తుంది, అప్పుడు ‘తప్పు’ అనకుండా ‘గుంటకొక్కటే’ అని తాళంలా అంటూ వేయించండి. కుదిరాక అయిదేసి పిక్కలకి పెంచండి. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం పిక్కలు దాచేయాలి, ముక్కులోకి దూరుస్తారు.

వీటన్నిటికంటే ముందు, ఇవాళ రాత్రే పది బొబ్బర్లు నానబెట్టండి, ఫలితం ఆలస్యంగా వచ్చేది ఇదొక్కటే. ఎనిమిది గంటలు నానాక గాజుగ్లాసులో టిష్యూ కాగితం లోపలి గోడకి ఆనేలా చుట్టి, గాజుకీ కాగితానికీ మధ్య గింజల్ని ఇరికించాలి, కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా. అడుగున వేలెడు నీళ్ళు, గింజలకి తగలకూడదు. రెండు రోజుల్లో వేరు వస్తుంది. తలకిందులుగా పెట్టిన వాటిలో కూడా ఒంపు తిరిగి కిందికే దిగుతుంది. అయిదారు రోజులకి ఆకు. బాబు రోజూ స్కేలుతో కొలిచి తేదీ వేయాలి, పాప బొమ్మ గీయాలి. బూజు పట్టిందంటే నీళ్ళు ఎక్కువయ్యాయని. మన ఉక్కకి అది త్వరగానే పడుతుంది. పట్టిన గింజని తీసేసి, నీళ్ళు మార్చి, కిటికీ దగ్గర గాలి తగిలేచోట పెట్టండి. అయిదు గింజలు పోయినా మిగతా అయిదు చాలు, అందుకే పది నానబెట్టమన్నది.