గార్నెట్ కొంటున్నారా? ఫోటో తర్వాత, ముందు మిల్లీమీటర్లు చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. మా పాప జనవరిలో పుట్టింది. జనవరి రాయి గార్నెట్ కదా అని, ఒక ఉంగరం చేయించుకుందామని ఆన్‌లైన్‌లో విడి రాళ్ళు వెతుకుతున్నాను. చివరికి రెండు రోడోలైట్ గార్నెట్ల దగ్గర ఆగాను. రెండూ ఓవల్, రెండూ 8×6 మిల్లీమీటర్లే. ఒకటి 1 క్యారెట్, దాని ఎత్తు 2.7 అని రాశారు. ఇంకోటి 1.9 క్యారెట్లు, ఎత్తు 5.1. ఫోటోలో మొదటిది గులాబీ రంగులో వెలిగిపోతోంది, రెండోది కాస్త ముదురు. మా వారేమో బరువున్నదే తీసుకో అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దమ్మా. మీరు ఎత్తు కూడా రాసి పంపారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను, చాలామంది ఫోటో ఒక్కటే పంపి "బాగుందా" అని అడుగుతారు.

ఎత్తుని వెడల్పుతో భాగించండి. ఓవల్ అయితే పొడవుతో కాదు, వెడల్పుతో, అంటే 6తో. మొదటి రాయికి 45 శాతం వస్తుంది, రెండోదానికి 85. రంగురాళ్ళలో 60 నుంచి 75 శాతం మధ్య ఉంటే సరైన కోతకి అవకాశం ఉన్నట్టు. మొదటిది మరీ పలచన. రోడోలైట్‌లో లోపలికి వెళ్ళిన వెలుతురు అడుగు పలకలకి తగినంత ఏటవాలుగా తగిలితేనే వెనక్కి తిరిగి మీ కంటికి చేరుతుంది, అడుగు చదునుగా ఉంటే నేరుగా కిందికి జారిపోతుంది. అప్పుడు రాయి నడిబొడ్డున రంగు లేని ఖాళీ కనబడుతుంది, వ్యాపారంలో దాన్ని విండో అంటారు. వేలికి పెట్టుకుంటే ఆ ఖాళీలోంచి మీ చర్మం కనబడుతుంది. ఫోటోలో గులాబీలా వెలిగిందన్నారు కదా, వెనక తెల్ల కాగితమో లైటో పెట్టి తీసుంటారు. పలచటి రాయిని అలా తీస్తే వెలగక ఏం చేస్తుంది!

రెండోదానిది పొట్ట సమస్య. బరువంతా నడుము కింద ఉంటుంది, పైనుంచి చూస్తే 8×6 రాయే కనబడుతుంది గాని డబ్బు మాత్రం 1.9 క్యారెట్లకి కడతారు. గార్నెట్ బరువైన రాయి, రోడోలైట్ సాంద్రత సుమారు 3.84 ఉంటుంది. ఆ లెక్కన కుదురుగా కోసిన 8×6 ఓవల్ దాదాపు ఒకటిన్నర క్యారెట్ తూగాలి. అంతకంటే బాగా తక్కువైతే పలచన అనీ, బాగా ఎక్కువైతే పొట్ట ఉందనీ అనుమానించండి. ఎత్తు రాయని చోట కూడా ఈ లెక్క పనికొస్తుంది. 3.8 నుంచి 4.3 మిల్లీమీటర్ల ఎత్తున్న 8×6 కోసం వెతకండి.

శాతం బాగుందని కూడా కళ్ళు మూసుకుని కొనకండి. నడుము దగ్గర గర్డిల్ మందంగా వదిలేసి ఎత్తు లెక్క సరిచేసిన రాళ్ళుంటాయి, అందుకే పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి అడగండి. పంపనంటే ఇంకో అమ్మకందారుని చూసుకోండి, గార్నెట్‌కి కరువేం లేదు.

ఇక రంగు. గార్నెట్ విషయంలో రంగునీ కోతనీ విడదీసి చూడలేం. ఫిల్టర్ డికాషన్ పలచగా గాజు గ్లాసు అడుగున పోస్తే ఎర్రగా ఉంటుంది, అదే డికాషన్ గ్లాసు నిండా పోస్తే నలుపే. గార్నెట్ కూడా అంతే, అందులోనూ ఇనుము ఎక్కువుండే అల్మండైన్ రకం మరీను. రాయి పెద్దదయ్యేకొద్దీ వెలుతురు లోపల ఎక్కువ దూరం తిరగాలి, ఆ దారిలోనే రంగు ముదిరిపోతుంది. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గార్నెట్ ఈ అల్మండైనే. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాతకాలపు గార్నెట్ పూసల్ని పరీక్షిస్తే గరీబ్‌పేట రాయితో సరిపోలాయి. ముదురు గార్నెట్‌ని నున్నగా గుండ్రంగా సానపట్టి, వెనకవైపు తొలిచి పలచన చేసి, రంగు తేల్చడం పనివాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన విద్యే. మీరు చూస్తున్న పలకల కోతలో ఆ సౌకర్యం లేదు కాబట్టి రాయే లేతగా ఉండాలి. నా మటుకు నేను మీకనిపించిన దానికంటే ఒక మెట్టు లేత రంగు, ఒక సైజు చిన్న రాయి తీసుకోమంటాను. స్క్రీన్ మీద "అబ్బ, ఎంత నిండుగా ఉంది" అనిపించిన ముదురు ఎరుపు ఉంగరంలోకి వచ్చేసరికి నల్ల పూసైపోతుంది. పైగా మన ఆచారులు కొందరు అలవాటుగా అడుగు మూసేసి పొదుగుతారు. గార్నెట్‌కి అడుగు తెరిచి పొదగమని ముందే చెప్పండి.

ఫోటోల్ని రంగు కోసం అసలు నమ్మకండి. ఫోన్ కెమెరాలకి ఎరుపు రంగుతో ఎప్పుడూ గొడవే, కాస్త వెలుతురు ఎక్కువైతే ఎరుపు పొంగిపోయి పలకలన్నీ ఒకే ముద్దలా కనబడతాయి, ఎంత ముదురో ఎంత లేతో తెలియదు. దానిమీద ఎడిటింగ్ ఉండనే ఉంది. అమ్మకందారుని ఒక వీడియో అడగండి: పగటిపూట, ఎండ పడని నీడలో, రాయిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ, ఎడిటింగ్ లేకుండా. పక్కన తెల్ల కాగితం ఉండాలి, కాగితం పసుపుగానో నీలంగానో కనబడితే రాయి రంగూ అబద్ధమే. తర్వాత రాయిని అచ్చు ఉన్న కాగితం మీద పెట్టమనండి. నడిమధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే విండో ఉన్నట్టే. కొంచెం వంచితే అంచుల్లో కనబడటం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. వంచుతున్నప్పుడు నల్ల మచ్చలు చోటు మారుతూ మినుకుమంటే మంచిదే, ఎటు వంచినా కదలకుండా సగం రాయి నల్లగానే ఉంటే వదిలేయండి. నల్ల గుడ్డ మీద, గిర్రున తిరిగే బల్ల మీద, నాలుగు వైపులా ఎల్‌ఈడీలు పెట్టి తీసిన వీడియో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని దానివల్ల మీకు తెలిసేదేం లేదు.

ఇంకొకటి, పేరులోనే "కేప్ రూబీ" అనో "అరిజోనా రూబీ" అనో ఉంటే అవి కెంపులు కావు, పైరోప్ గార్నెట్‌కి వ్యాపారులు తగిలించిన పేర్లు. కెంపు ధర చెబితే ఆ పేజీ మూసేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న రోడోలైట్ నిన్న వచ్చింది. ఫోటోలో ఎర్రగా ఉంది, మా పెరంబూరు ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వంగపండు రంగులో ఉంది. అమ్మినవాణ్ణి అడిగితే "రోడోలైట్ అంతే సార్" అంటున్నాడు. మోసపోయానా? ఇది అసలు గార్నెట్టేనా?

జవాబు: రంగు మారినంత మాత్రాన మోసం అనలేం. రోడోలైట్‌లో ఊదా ఛాయ ఉంటుంది. పసుపు బల్బు కింద ఎరుపు వైపు మొగ్గుతుంది, తెల్ల ట్యూబ్‌లైట్ కింద ఊదా బయటపడుతుంది. నగల షాపుల్లో పసుపు లైట్లు ఊరికే పెట్టరు. ఉదయం కిటికీ దగ్గర, నీడలో చూడండి. ఆ రంగు మీకు నచ్చితే ఉంచుకోండి, లేదంటే గడువు లోపల వెనక్కి పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం రిటర్న్, రీఫండ్ షరతులు అమ్మేవాళ్ళు ముందే చూపించాలి. చూపించకుండా ఇప్పుడు మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

గార్నెట్టా కాదా అన్నదానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. గిన్నెలో నీళ్ళు పోసి, చిన్న థర్మోకోల్ ముక్క తేలేసి, దానిమీద రాయి పెట్టండి. ఒక నియోడిమియం అయస్కాంతాన్ని దగ్గరికి తీసుకెళ్ళండి, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మల వెనకుండేది చాలదు. ఎర్ర గార్నెట్‌లో ఇనుముంటుంది కాబట్టి తెప్పతో సహా అయస్కాంతం వెంట కదిలొస్తుంది. కెంపుగాని మామూలు గాజుగాని అలా రావు. పది రెట్లు చూపించే లూప్ (నగలవాళ్ళ చిన్న భూతద్దం) ఉంటే లోపల గుండ్రటి బుడగలున్నాయేమో చూడండి, ఉంటే గాజే అనుకోవచ్చు. ఇంత చేసినా అనుమానం తీరకపోతే ల్యాబ్‌కి ఇవ్వండి. ల్యాబ్ రిపోర్ట్ అది ఏ రాయో, ఎంత బరువో, ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది, రంగురాళ్ళకి కోత బాగుందో లేదో మాత్రం సాధారణంగా రాయరు. అందుకే "సర్టిఫైడ్" అన్న మాట చూసి కోత కూడా బాగుందనుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారికి గోమేధికం కావాలి. గోమేధికం కూడా గార్నెట్టేనని ఒకాయన అంటున్నారు, నిజమా? ఆన్‌లైన్‌లో రత్తిల్లో అమ్ముతున్నారు. (అంబత్తూరు)

జవాబు: నిజమే. గోమేధికం హెస్సొనైట్, గ్రాస్యులర్ అనే గార్నెట్ రకంలోది. తేనె రంగు నుంచి దాల్చినచెక్క రంగు దాకా ఉంటుంది. లూప్‌లో చూస్తే లోపల పాకం కదిలినట్టు అలలు కనబడతాయి, అది దాని స్వభావమే గాని లోపం కాదు. కాబట్టి అద్దంలా తేటగా ఉందని మురిసిపోకండి, అలాంటప్పుడే ల్యాబ్ రిపోర్ట్ గట్టిగా అడగాలి. ఎర్ర గార్నెట్‌లా ఇది నల్లబడిపోదు, దీనికి విండో బెడదే ఎక్కువ, పైన చెప్పిన అచ్చు కాగితం పరీక్ష దీనికీ చేయించండి. రత్తి పాతకాలపు తూకం, అది ఎంతన్నది బజారుని బట్టి మారుతుంది, క్యారెట్ మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. ధర క్యారెట్‌లో చెప్పమనండి, అప్పుడే ఇద్దరు అమ్మకందారుల్ని పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతారు. నాన్నగారి జాతకానికి సరిపడుతుందా లేదా అన్నది మాత్రం మీ సిద్ధాంతిగారినే అడగండి.